కోడిపిల్లను తొందరపెట్టి గుడ్డు పెంకు ఒలవద్దు
ఇంట్లో ఇంక్యుబేటర్‌లో (గుడ్లను వేడితో పొదిగే పెట్టెలో) కోడిపిల్లలు తీయడం గురించిన ఒక వ్యాసంలో, పెంకుకు లోపలి నుంచి చిల్లు పడ్డాక ఐదారు గంటల్లో పిల్ల రాకపోతే మనమే ఒలిచి బయటికి తీయాలని రాశారు. దీన్ని నేను ఒప్పుకోను. చిల్లు పడ్డాక పూర్తిగా బయటపడటానికి 24 గంటలు పట్టడం కూడా మామూలే. ఆ సమయంలో మిగిలిన పచ్చసొన పిల్ల పొట్టలోకి చేరుతుంది, పెంకు లోపలి పొరలో రక్తనాళాలు ఎండిపోతాయి. అంతకుముందే ఒలిస్తే రక్తం కారి పిల్ల చచ్చిపోవచ్చు. చిత్తూరు దగ్గర మా ఊర్లో అవ్వ నాటుకోడిని పొదగేస్తే, పిల్లలు లేచే రోజుల్లో గంప దగ్గరికి మమ్మల్ని రానిచ్చేదే కాదు. ఇప్పుడు మా ఇంక్యుబేటర్‌లోనూ సాయంత్రం చిల్లు పడిన గుడ్డు నుంచి మర్నాడు మధ్యాహ్నానికి పిల్ల తనంతట తానే వచ్చింది. ఆ రాత్రంతా టెన్షనే, అయినా మూత తీయలేదు. తీస్తే తేమ పోయి, పొర ఎండి పిల్లకు అతుక్కుంటుంది. గుడ్లు పెట్టిన 18వ రోజు నుంచి వాటిని తిప్పడం ఆపి, తేమను 65-70 శాతానికి పెంచి వదిలేయాలి. ఎండాకాలంలో మొదలుపెట్టేవాళ్లు ఇంకోటి చూసుకోండి. తిరుపతిలో మే నెలలో 40 డిగ్రీలు దాటుతుంది. ఇంట్లో వాడే ఈ చిన్న పెట్టెలు వేడి చేస్తాయే గానీ చల్లబరచవు. రేకుల గదిలో పెడితే లోపలి వేడి గుడ్లకు కావాల్సిన 37.5 డిగ్రీల దగ్గర నిలవదు, ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గదిలో పెట్టండి.