గాయపడ్డ దుప్పికి తూటాయే వైద్యం

అక్టోబరు సెలవులకి స్కాట్లాండ్ కొండ ప్రాంతాలైన గ్లెన్‌కో, గ్లెన్ ఎటివ్, కెయిర్న్‌గార్మ్స్ వైపు కార్లేసుకుని వెళ్లే మన కుటుంబాలు చాలానే ఉన్నాయి. అక్కడ రోడ్డు పక్కన పెద్ద కొమ్ముల రెడ్ డీర్ మగ దుప్పి కాలు ఈడ్చుకుంటూ కనబడితే మనవాళ్ల నోట మొదట వచ్చే మాట, "అయ్యో, దీనికి ఎవరూ వైద్యం చేయించరా?" అక్కడి పెద్ద వేట భూమి, అంటే ఎస్టేటు, చూసే మనిషి దాన్ని కాల్చేశాడని మర్నాడు తెలిస్తే, "ఎంత కిరాతకం!" మొదటి మాటలో ఉన్న జాలి నిజమైనదే. రెండో మాట మాత్రం అన్యాయం. కోలుకోలేని దెబ్బ తిన్న అడవి దుప్పిని, చేతనైనవాడు వీలైనంత దగ్గరికి వెళ్లి ఒక్క తూటాతో చంపడాన్ని మించి దానికి మనిషి చేయగల మేలు లేదు.

వైద్యం ఎందుకు కుదరదంటే, ముందు దాన్ని పట్టుకోవాలి. కొండ దుప్పి మగది 100 కిలోలు దాటి ఉంటుంది. మత్తు డార్టు సరిగ్గా తగలాలంటే కొద్ది పదుల మీటర్ల దూరంలోకి వెళ్లాలి. తగిలినా మందు పనిచేయడానికి నిమిషాలు పడుతుంది. ఆ లోపల అది విరిగిన కాలుతోనే ఊబినేలల్లోకి పరిగెడుతుంది. పట్టుకున్నాక భయానికీ పెనుగులాటకీ ఒళ్లు వేడెక్కి కండరాలు లోపల్లోపలే దెబ్బతింటాయి. అక్కడికక్కడే చావచ్చు, నాలుగు రోజులు తీసుకుని చావచ్చు. జింకల్ని పట్టబోతే ఇలా అవుతుందని మన అటవీ శాఖ పశువైద్యులకీ బాగా తెలుసు. అవన్నీ దాటినా, కట్టు కట్టి వారాల తరబడి దొడ్లో ఉంచితే పెద్ద మగ దుప్పి గోడలకీ కంచెలకీ కొట్టుకుని మిగతా కాళ్లు కూడా విరగ్గొట్టుకుంటుంది. స్కాట్లాండ్‌లో తోడేళ్లు లేకుండా పోయి శతాబ్దాలయింది. కాబట్టి మనిషి కలగజేసుకోకపోతే అది ఆకలితోనో, చీము పట్టిన పుండుతోనో చలికాలమంతా తీసుకుని పోవాలి.

అలాగని కుంటిన ప్రతిదాన్నీ కాల్చమని కాదు. విరిగి అతుక్కున్న పాత ఎముకలతో ఏళ్లు బతికిన దుప్పులున్నాయి. అనుభవమున్న స్టాకర్, అంటే ఎస్టేటులో దుప్పుల బాధ్యత చూసే ఉద్యోగి, తుపాకీ తీయకముందు దుర్భిణీతో చాలాసేపు చూస్తాడు. కాలు నేల మీద ఆనుతోందా, గాల్లో వేలాడుతోందా? మంద కదిలినప్పుడు కూడా వస్తోందా, వెనకపడి ఒంటరిగా పడుకుంటోందా? తుంటి ఎముకలు పొడుచుకొచ్చాయా? మేస్తోందా? పుండు చుట్టూ ఈగలున్నాయా? సెప్టెంబరు చివర్నించి అక్టోబరు దాకా సాగే ఎద కాలంలో ఆరోగ్యంగా ఉన్న మగవి కూడా మేత మానేసి ఒంటి బరువులో ఐదో వంతు దాకా పోగొట్టుకుంటాయి, కాబట్టి ఆ రోజుల్లో చిక్కిపోవడం ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. కొమ్ములు కూడా చాలా చెబుతాయి. వెనక కాలికి పాత దెబ్బ ఉంటే, తర్వాతి ఏడాది మొలిచే కొమ్ముల్లో చాలాసార్లు అవతలి పక్కది వంకరగానో పొట్టిగానో వస్తుంది. అలాంటి కొమ్ము కనిపిస్తే దెబ్బ ఈ సీజనుది కాదేమోనని ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. స్కాట్లాండ్‌లో అడవి దుప్పి ఎవరి సొత్తూ కాదు. 1996 నాటి డీర్ చట్టంలోని 25వ సెక్షన్ ప్రకారం గాయపడ్డ, జబ్బుపడ్డ దుప్పి బాధని ఆపడానికి చేసిన పని ఆ చట్టం కింద నేరం కాదు. వేట నిషేధ కాలమైనా, రాత్రయినా అంతే. తుపాకీ లైసెన్సు నియమాలు మాత్రం వేరు, వాటికి మినహాయింపు లేదు. మన దేశపు 1972 వన్యప్రాణి చట్టంలోనూ 11వ సెక్షన్ ఉంది: కోలుకోలేనంతగా అవిటిదైన లేక జబ్బుపడ్డ జంతువు విషయంలో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ కారణాలు రాసి అనుమతి ఇవ్వచ్చు. ఇది తెల్లవాళ్ల పద్ధతి అనేవాళ్లు ఆ సెక్షన్ ఒకసారి చదవాలి.

ఇక పని ఎలా జరుగుతుందో చూద్దాం, ఎందుకంటే దయ అంతా ఆ పనితనంలోనే ఉంది. సగం లెక్క గాలిది. దుప్పి మనిషి వాసనని కిలోమీటరు అవతల్నించి కూడా పట్టగలదు, అందుకే గాలి మొహాన కొట్టేలా వెళ్లాలి. పొద్దున్న చల్లగాలి లోయలోకి జారుతుంది, ఎండ కాశాక పైకి లేస్తుంది. కొండ ఒడిలో గిన్నెలా తవ్వుకుపోయిన కోరీల్లో గాలి సుడి తిరిగి వీపు వెనక నుంచి ముందుకొచ్చేస్తుంది. గంటసేపు పాకిన శ్రమ ఒక్క క్షణంలో పోతుంది. గాయపడ్డ మగది ఒంటరిగా ఉన్నా చుట్టుపక్కల ముసలి ఆడదుప్పి ఒకటి కాపలా కాస్తున్నట్టు మెలకువగా ఉండచ్చు. ఆ ఆడదుప్పి ఒక్కసారి కుక్కలా అరిచిందంటే కొండంతా ఖాళీ. హెదర్ పొదల్లోంచి గ్రౌస్ పక్షి రెక్కలు కొట్టుకుంటూ లేచినా, గొర్రెలు బెదిరి పరిగెత్తినా అంతే. అందుకే చివరి రెండు వందల మీటర్లు వాగు గాడిలోనో, పీట్ (కుళ్లిన మొక్కల నల్లమట్టి) గుంటల్లోనో పొట్ట మీద పాకుతారు. గాయపడ్డదాన్ని ఒకసారి బెదిరిస్తే అది మళ్లీ దొరకడానికి రోజులు పట్టచ్చు, ఆ రోజులన్నీ దానికి నరకమే.

రెడ్ డీర్‌కి స్కాట్లాండ్ నిబంధన ప్రకారం తూటా తగలగానే విచ్చుకునే రకం కావాలి, వేగం సెకనుకి 2,450 అడుగులకి తగ్గకూడదు, శక్తి 1,750 ఫుట్ పౌండ్లకి తగ్గకూడదు. తూటా బరువు కనీసం 100 గ్రెయిన్లు (సుమారు ఆరున్నర గ్రాములు) ఉండాలన్నదాన్ని 2023లో 80కి తగ్గించారు, సీసం బదులు తేలికైన రాగి తూటాలు వాడుకునేందుకు. 6.5×55, .270, .308 అనే తూటా కొలతల రైఫిళ్లు ఎక్కువగా కనిపిస్తాయి. దుప్పి పక్కకి తిరిగి నిలబడేదాకా ఆగాలి. ముందరి కాలి వెనక అంచు వెంబడి చూపు పైకి తీసుకెళ్లి, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర ఆపాలి. గుండె పైభాగం, ఊపిరితిత్తులు అక్కడే. దుప్పి వెనక మెత్తటి మట్టి ఉండాలి. ఆకాశం కనిపిస్తే, అంటే గట్టు అంచు మీద నిలబడి ఉంటే, కాల్చనే కూడదు. పడుకున్నదాన్ని ఛాతీలో కాల్చరు; ఒళ్లు ముడుచుకుని ఉంటుంది కాబట్టి గుండె ఎక్కడుందన్న అంచనా తప్పుతుంది. లేవలేనిదైతే బాగా దగ్గరికి వెళ్లి తలకో మెడ మొదట్లోనో కాల్చాలి. దూరం నుంచి తలకి గురిపెడితే దవడ ఎగిరిపోయి నోరు లేని దుప్పి పారిపోతుంది, అంతకన్నా ఘోరం లేదు.

తూటా వదిలాక వెంటనే మళ్లీ లోడ్ చేసి, కన్ను స్కోపు మీద నుంచి తీయకుండా చూడాలి. తిత్తుల్లో తగిలినది ముందుకి ఒక్క గెంతు గెంతి, కొద్ది దూరం పరిగెత్తి కూలుతుంది. పొట్టలో తగిలినది నడుం ముడిచి, వెనక కాళ్లు తన్ని, గూనిగా నడుచుకుంటూ పోతుంది. ఇంకా కనబడుతూ నిలబడి ఉంటే ఆలోచించకుండా రెండో తూటా వేయాలి. మాయమైపోతే మాత్రం పరుగెత్తకూడదు. తగిలినప్పుడు అది నిలబడ్డ చోటుని ఏ రాయి పక్కనో గుర్తుపెట్టుకుని, కనీసం పావుగంట ఆగి అక్కడికి వెళ్లాలి. గడ్డి మీద గులాబీ రంగు నురగ నెత్తురు ఉంటే తిత్తులు, జంతువు దగ్గర్లోనే పడి ఉంటుంది. ముదురు నెత్తుట్లో పచ్చటి మేత తునకలు ఉంటే పొట్ట. అప్పుడు గంటకి పైగా ఆగాలి. ఆగకుండా తరిమితే మైళ్లు పోతుంది, వదిలేస్తే దగ్గర్లో పడుకుంటుంది. ఎముక పేళ్లు, కొద్దిగా నెత్తురు అయితే కాలు. అప్పుడు వాసన పట్టే కుక్క, లాబ్రడార్ గానీ బవేరియన్ హౌండ్ గానీ, పొడవాటి తాడు మీద ఉండాల్సిందే. పడిపోయినదాని దగ్గరికి వెనక వైపు నుంచి వెళ్లి, కర్రతో కంటిగుడ్డు తాకి చూడాలి. రెప్ప కదలకపోతేనే చనిపోయినట్టు.

తర్వాత పొట్ట తీసి లోపల పరిశీలిస్తారు: దవడ కింద, గొంతు వెనక, తిత్తుల దగ్గర, పేగుల వెంట ఉన్న లింఫ్ గ్రంథులు వాచాయా, గడ్డలున్నాయా అని. కార్జంలో జలగలున్నాయేమో చూస్తారు. మన గొర్రెల కాపరులకి తెలిసిన కార్జపు జలగే అది. చీము, జ్వరపు లక్షణాలు ఉన్న మాంసం అమ్మకానికి పోకూడదు, ఎంత బరువైనా సరే.

ఎస్టేటులతో నాకు ఒక పేచీ ఉంది. డబ్బు కట్టి వచ్చిన అతిథి మంచి కొమ్ముల దుప్పి కోసం వస్తాడు. ఆ రోజు పొద్దున్నే కుంటిది కనిపిస్తే ముందు దాని వెనకే వెళ్లాలి, అతిథి రోజు వృథా అయినా సరే. బాధ్యతగల స్టాకర్లు ఆ పనే చేస్తారు. "రేపు చూద్దాం" అనే చోట్ల వేటకి వెళ్లే మనవాళ్లెవరైనా ఉంటే ఆ మాట గట్టిగా అడగాలి.

మన తప్పు కూడా చెప్పాలి. గ్లెన్‌కోలో కారు అద్దం దించి దుప్పులకి బ్రెడ్డు, చిప్సు, చపాతీ పెట్టడం ఆపాలి. నెమరు వేసే జంతువు పొట్టలో ఆ పిండి పులిసి ఆమ్లం పెరిగి జబ్బు చేస్తుంది. అంతకు మించి, తిండి కోసం రోడ్డుకి అలవాటుపడ్డ దుప్పికి రాత్రి ఏదో కారు గుద్ది కాలు విరుగుతుంది. మనం జాలిపడే దుప్పిని మన చేతులే తయారుచేస్తున్నాయి.

గాయపడ్డది కనిపిస్తే దగ్గరికి వెళ్లద్దు, కొమ్ము ఒక్కసారి విసిరితే మనిషి పొట్ట చీలుతుంది. రోడ్డు మీద పడి ప్రమాదంగా ఉంటే 999కి, లేకపోతే జంతువుల్ని కాపాడే సంస్థ స్కాటిష్ ఎస్పీసీఏకి 03000 999 999కి ఫోన్ చేయాలి; పక్కన హోటల్ ఉంటే అక్కడ చెప్పినా ఎస్టేటుకి కబురు చేరుతుంది. మన సంఘాలు హైలాండ్స్ యాత్రలకి ఇచ్చే కాగితంలో భోజనాల వేళల పక్కనే ఈ నంబరు వేయాలి, దాని కింద స్టాకర్‌కి పనికొచ్చే ఐదు వివరాలు కూడా: మ్యాపు మీద చోటు, చూసిన సమయం, ఏ కాలు, ఒంటరిగా ఉందా మందలోనా, ఏ దిక్కుకి పోయింది.