సంక్షోభంలో ఫీజు క్షేమం

ప్రపంచానికి ఏ ఆపద వచ్చినా హైదరాబాదులో ముందు కాపాడవలసింది పిల్లల భవిష్యత్తునే. ఇందులో తల్లిదండ్రులకూ, ప్రైవేటు బళ్ల యాజమాన్యాలకూ రెండో మాట లేదు. ఆ భవిష్యత్తు ఎక్కడుందన్న దగ్గరే కాస్త తేడా. పిల్లల్లో ఉందని తల్లిదండ్రుల అమాయకత్వం, రెండో టర్మ్ ఫీజులో ఉందని యాజమాన్యాల అనుభవం.

2020 మార్చిలో కరోనా వచ్చి బళ్లు మూతబడ్డాయి. ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం జీవో 46 ఇచ్చింది: ఆ ఏడాది ఫీజు పెంచకూడదు, ట్యూషన్ ఫీజు ఒక్కటే, అదీ నెలనెలా తీసుకోవాలి. తెలియనివాళ్లు దీన్ని ఆంక్ష అనుకున్నారు. కొన్ని బళ్లకు మాత్రం అందులో అద్వైతం కనబడింది. అంతవరకూ లైబ్రరీ, ల్యాబ్, ఆటలు, 'ఇతరములు' అంటూ వేరువేరుగా తోచినవన్నీ నిజానికి ఒకే ట్యూషన్ ఫీజు రూపాలని తెలిసిపోయింది. మాయ తొలగింది, మొత్తం తగ్గలేదు. కాబట్టి వచ్చే సంక్షోభానికి మందు మామూలు రోజుల్లోనే వేసుకోవాలి: ఏ పద్దుకు ఎంతో విడివిడిగా కొట్టిన రసీదు అడిగి తీసుకుని దాచండి. అంతా కలిపి ఒక్క అంకె వేసిచ్చిన రసీదులో ట్యూషన్ ఎంతో తేల్చడం రేపు బ్రహ్మ తరం కూడా కాదు.

తర్వాత ఆన్‌లైన్ పాఠాలు. 1 నుంచి 8 తరగతులకు రోజుకు రెండు పీరియడ్లు, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలు, అంతకు మించొద్దని 2020 జులైలో కేంద్రం 'ప్రజ్ఞాత' మార్గదర్శకాల్లో చెప్పింది. రెండు పీరియడ్లకు పూర్తి ఫీజు అడిగితే బాగుండదు కదా, అందుకని పొద్దుటి ప్రార్థన నుంచే టై కట్టి కూర్చోబెట్టిన బళ్లున్నాయి. వీడియో క్లాసు గంటకు అర జీబీ నుంచి ఒక జీబీ దాకా మింగుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు మధ్యాహ్నానికే ఖాళీ. ఇంట్లో పిల్లలు ఇద్దరు, ఫోను ఒకటి, ఆ ఒక్కటీ నాన్నతో పాటు డ్యూటీకి పోతుంది. అదే పాఠాన్ని ఐదు నిమిషాల వాయిస్ నోటుగా, రెండు పేజీల ఫొటోలుగా వాట్సాప్‌లో పెడితే రెండు ఎంబీల్లో అయిపోతుంది, రాత్రి నాన్న వచ్చాక వినొచ్చు. కానీ వాయిస్ నోటుకు హాజరు పడదు. హాజరు లేనిదే ఫీజెలా అడుగుతారు? సెప్టెంబర్ నుంచి దూరదర్శన్ యాదగిరిలో, రాష్ట్ర ప్రభుత్వ విద్యా ఛానెల్ టీ-శాట్‌లో పాఠాలు వచ్చాయి. టీవీ ఉన్న ఇంటికి పైసా ఖర్చు లేదు. అందుకే అదీ ఒక చదువేనని చాలామంది ఒప్పుకోలేదు.

మార్కుల పంట మాత్రం బాగా పండింది. 2020 పదో తరగతిలో మూడు పేపర్లు అయ్యాక మిగతావి రద్దు చేసి, ఏడాది పొడవునా బళ్లు తామే పెట్టుకునే ఎఫ్ఏ పరీక్షల్లో వేసిన మార్కులతోనే 5.34 లక్షల మందినీ పాస్ చేశారు. 2021లో అసలు పరీక్షే లేదు. 5.21 లక్షల మందిలో 2.10 లక్షల మందికి 10కి 10 జీపీఏ. మహమ్మారి తెలివితేటల్ని ఇంతగా పెంచుతుందని వైద్యశాస్త్రం ఇంకా గుర్తించకపోవడం విచారకరం. 2020లో అలా గట్టెక్కిన పిల్లలే ఇంటర్‌లో చేరారు. 2021 అక్టోబర్‌లో వాళ్లకు ఫస్టియర్ పరీక్షలు నిజంగానే పెట్టారు. 49 శాతం పాసయ్యారు. గొడవయ్యాక తప్పినవాళ్లకు కనీస మార్కులు 35 వేసి అందర్నీ పాస్ చేశారు. ఈ ఫలితాలన్నిటిలో పిల్లలు పూర్తిగా తమ చేత్తో రాసింది ఆ 49 ఒక్కటే.

బడి మీద నమ్మకం కుదరనివాళ్లు ఇంట్లోనే ఒక చిన్న అపచారం చేయొచ్చు. మూడో తరగతి దాటిన పిల్లాడి చేతికి ఎప్పుడూ చూడని పేజీ ఇచ్చి చదవమనండి. పాఠ్యపుస్తకం ఇవ్వొద్దు. అదిస్తే వేలు ఒక వరస మీద, నోరు ఇంకో వరస మీద నడుస్తాయి, కంఠతా వచ్చు గనక. ఆ తర్వాత 403లోంచి 178 తీయమనండి. 375 అన్నాడంటే ప్రతి చోటా పెద్దంకెలోంచి చిన్నంకె తీశాడు, అప్పు తేవడమే రాదు. 235 అంటే వందలోంచి అప్పు తెచ్చాడు గానీ, సున్నా పదై, అందులోంచి ఒకటి పక్కకు పోయి తొమ్మిదయిందని మరిచాడు. 225 వచ్చేదాకా నాలుగు వంద నోట్లు, మూడు రూపాయి బిళ్లలు ముందు పెట్టి, ఒక వందకు పది పదులు, ఒక పదికి పది రూపాయలు చిల్లర మార్పించండి. రోజుకు పావుగంట చాలు. ఆరో తరగతి నుంచి ఐఐటీ ఫౌండేషన్ చదువుతున్న పిల్లాడి మీద చుట్టాల ముందు మాత్రం ఈ ప్రయోగం చేయకండి.

బకాయిలు కడితేగానీ టీసీ ఇవ్వమంటే కంగారు పడొద్దు. టీసీ ఆలస్యమైందని ఎనిమిదో తరగతి దాకా సర్కారు బడి ప్రవేశం నిరాకరించరాదు. విద్యాహక్కు చట్టం సెక్షన్ 5 ఆ మాట అంటోంది. తొమ్మిదిలో ఆ అండ ఉండదు. బడి మారే ఆలోచన ఉంటే ఎనిమిది లోపే.

ఇక చివరి మజిలీ అమెరికా. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బీ ఉద్యోగ వీసా దరఖాస్తుకు లక్ష డాలర్లన్నారు. చిలుకూరు వీసా బాలాజీ గుడిలో మాత్రం మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, పనయ్యాక 108, ఆ లెక్కలో మార్పు లేదు. అడ్వాన్సు పదో వంతు, మిగతాది ఫలితం చూశాకే. నగరంలోని విద్యాసంస్థలు ఈ పద్ధతిని ఎందుకు పరిశీలించలేదో తెలియదు.