'గుర్తుంటుందిలే' గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన 'గుర్తుంటుందిలే' గారికి,

తిరుపతి కొర్లగుంట నుంచి మీ పాత భక్తుడు రాసుకునే ఉత్తరం. 'మీరు క్షేమమని తలుస్తాను' అని రాయడానికి అభ్యంతరం లేదు. మీరెప్పుడూ క్షేమమే. మీ వెంట నడిచినవాళ్ళకే ఇబ్బంది.

మన స్నేహం ఈనాటిది కాదు. హాల్ టికెట్ లేకుండా పరీక్షకు పోయిననాడు నా పక్కన మీరే ఉన్నారు. పాలు పొయ్యి మీద పెట్టి మేడెక్కిన ప్రతిసారీ మీరే తోడొచ్చారు. అవన్నీ మరిచిపోయాను (మరిచిపోవడం మీరు నేర్పిన విద్యే కదా). కానీ మొన్న కొండమీద చేసింది మాత్రం మరిచేది కాదు.

హైదరాబాదు నుంచి మా అక్కా బావా పిల్లలతో వచ్చారు. మూడు నెలల ముందే కంప్యూటర్ ముందు కాచుకుని పట్టిన 300 రూపాయల దర్శనం టికెట్లు, అందరికీ కలిపి ఏడు. బయల్దేరేముందు మా ఆవిడ క్యాలెండర్ కాగితం చించి, వెనకవైపు ఏమేం తీసుకుపోవాలో రాసి నా చేతికివ్వబోయింది. "తిరుపతిలో పుట్టినోడికి కొండకు పోయేదానికి చీటీ కావాల్నా?" అన్నాను. గొంతు నాది, మాట మీది.

క్యూ మొదట్లో దర్జాగా నీలం కవరు తీసిచ్చాను. అందులో ఆరు నెలల కరెంటు బిల్లులు, గ్యాసు పుస్తకం ఉన్నాయి. ఆధార్ కార్డులున్న నీలం కవరు ఇంట్లో టీవీ స్టాండు మీద ఉంది. అక్కడున్నాయన ఓపిగ్గా ఒక్కో బిల్లూ తిప్పి చూసి, "కరెంటు కట్టేసినారు, సంతోషం. ఆధార్ యాడ సామీ?" అన్నాడు.

పక్కింటి పిల్లోడు బైకు మీద ఘాట్ ఎక్కి ఆ కవరు తెచ్చేదాకా గట్టు మీద కూర్చున్నాం. పట్టుపంచె కట్టుకుని దిగాలుగా కూర్చున్న మనిషిని చూస్తే పీటల మీద పెళ్ళి ఆగిపోయినవాడిలా ఉంటాడని ఆరోజే తెలిసింది. బావ తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. చివరికి దర్శనమైంది, అది స్వామి దయ. కొండ దిగేటప్పుడు మాత్రం బావ నోరు విప్పాడు. "ఏమయ్యా, చిన్న లిస్టు రాసుకోవడానికేం?" అని మొదలుపెట్టి అలిపిరి వచ్చేదాకా ఆపలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక మీ చరిత్ర తవ్వాను. మీ చేతులు చాలా దూరం చాస్తారే! 1935 అక్టోబరు 30న అమెరికాలో డేటన్ దగ్గర రైట్ ఫీల్డ్‌లో మోడల్ 299 అనే కొత్త బోయింగ్ విమానం పైకి లేచీ లేవగానే కూలింది. నడిపినవాడు కొత్తవాడు కాదు. మేజర్ ప్లోయర్ హిల్, అనుభవమున్న టెస్ట్ పైలట్. విమానం నేల మీద ఆగి ఉన్నప్పుడు తోక దగ్గరి పలకలు గాలికి కొట్టుకోకుండా బిగించి ఉంచుతారు. ఎగిరేముందు ఆ బిగింపు తీయాలి. తీయలేదు. ఆయనా, బోయింగ్ పైలట్ లెస్లీ టవరూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత పైలట్లు చేసిన పని, ఎగిరేముందు చూసుకోవాల్సినవి ఒక కాగితం మీద రాసుకోవడం. అదే విమానం బి-17 పేరుతో 12 వేలకు పైగా తయారైంది.

ఆపరేషన్ థియేటర్లలోనూ మీకు చుక్కెదురైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల చీటీ ఒకటి తెచ్చింది. మత్తు ఇచ్చేముందు ఒకసారి, కత్తి పెట్టేముందు ఒకసారి, రోగిని బయటికి పంపేముందు ఒకసారి ఆగి పైకి చదవాలి. ఢిల్లీతో సహా 8 నగరాల్లో 8 ఆసుపత్రులు వాడి చూస్తే, మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయి.

అంత దూరం ఎందుకు, మా వీధి పంతులుగారిని చూడండి. ఎన్ని పెళ్ళిళ్ళు చేయించారో ఆయనకే లెక్క లేదు. అయినా జీలకర్ర, బెల్లం నుంచి మట్టెల దాకా పట్టీ రాసిస్తారు. ముహూర్తానికి ముందు అన్నీ ఎదురుగా పెట్టించి, ఒక్కోటీ పేరు పెట్టి పిలిచి మరీ చూసుకుంటారు. మంత్రాలన్నీ నోటికొచ్చిన మనిషి తమలపాకుల విషయంలో మిమ్మల్ని నమ్మరు.

మీరు మాత్రం తక్కువవారా! తలుపు మూస్తే కిటికీలోంచి వచ్చారు, టిక్కు మార్కు వేషంలో. కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రుల్లో అలాంటి చీటీలే వాడినా మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2014లో తేల్చారు. ఎందుకన్న దానిమీద పెద్దలు ఇంకా వాదించుకుంటున్నారు. నాకు మాత్రం ఇక్కడే ఒక కల్యాణమండపం బాత్రూం తలుపు వెనక వేలాడే కాగితం గుర్తొచ్చింది. గంటగంటకీ శుభ్రం చేసినట్టు సంతకాలు పెట్టాలి. నేను పోయింది పొద్దున పదింటికి. సాయంత్రం ఆరింటి సంతకం అప్పటికే పడి ఉంది. నేలేమో తడిగా కూడా లేదు.

కొండ దిగిన మర్నాడే నేనూ ఒక లిస్టు రాశాను, 43 లైన్లు. దండం పెట్టుకోవడం, చెప్పులేసుకోవడం కూడా అందులో ఉన్నాయి. మా ఆవిడ చూసి, "ఇది లిస్టా, పంచాంగమా?" అని, మనం నిజంగా మరిచేవి, మరిస్తే కొంప మునిగేవి మాత్రం ఉంచి మిగతావన్నీ కొట్టేసింది. ఏడు మిగిలాయి. మొదటిది ఒరిజినల్ ఆధార్, చివరిది గ్యాసు ఆపడం. ఆ కాగితం వీధి తలుపుకు లోపలివైపు అంటించాం. ఆమె చదువుతుంది, నేను చూపించాలి. "ఉంది" అంటే ఒప్పుకోదు. "కవరు తెరువు" అంటుంది. మొన్న గాజులమండ్యం దాకా పోవడానికి కూడా తెరిపించింది. నవ్వొచ్చింది కానీ తెరిచాను. మళ్ళీ కరెంటు బిల్లులే.

కాబట్టి ఇకపై మా గడప తొక్కకండి. మీకు నీడ లేకుండా పోతుందన్న బెంగ నాకేమీ లేదు. మీరు బావ కారులో హైదరాబాదు చేరినట్టున్నారు. ఆయన కళ్ళజోడు, ఫోన్ ఛార్జరు, బీపీ మాత్రలు మా టీవీ స్టాండు మీదే ఉన్నాయి, నీలం కవరు పక్కనే. నిన్ననే కొరియర్ చేశాను.

ఇట్లు,
మీ మాజీ భక్తుడు,
కొర్లగుంట, తిరుపతి