అధికమాసంలో షామియానా

(తణుకులో ఓ డాబా ఇల్లు. హాల్లో సోఫా ఉండాల్సిన చోట ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిలో ఒకటి దూరి ఫ్యాన్ దాకా నిలబడి ఉన్నాయి. ఫ్యాన్ అందుకే ఆపేశారు. మే నెల. కనకం బోర్లించిన గుండిగ మీద కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. సత్తిబాబు ఫోన్ వంకే చూస్తున్నాడు.)

కనకం: అలా గుడ్లప్పగించి చూస్తే మోగదండీ అది.

సత్తిబాబు: మోగుతుందే. షామియానా సామాను అద్దెకిస్తామని సెంటర్లో ఫ్లెక్సీ కట్టించాం కదా.

కనకం: మొన్న మోగిందిగా! మా పెదనాన్న కొడుకు చేశాడు. 'అక్కా, బావ పోతే ఒక్క మాటైనా చెప్పలేదేం' అని ఒకటే ఏడుపు.

సత్తిబాబు: వాడికి చదువు రాకపోతే నన్నేం చెయ్యమంటావ్?

కనకం: అది చూడ్డానికి చదువెందుకు? మీ ఫొటో చుట్టూ బంతిపూల దండ, పక్కన దీపపు కుందె, రెండు చేతులూ జోడించి మీరు. అంత్యక్రియలకి రానివాళ్ళు దినానికైనా వద్దామని అడగరూ?

సత్తిబాబు: పెళ్ళికళ ఉంటుందని పెట్టించాను ఆ దండ.

కనకం: పెళ్ళిళ్ళెక్కడున్నాయండీ? మే 17న అధిక జ్యేష్ఠం పెట్టింది, జూన్ 15 దాకా ఒక్క ముహూర్తం లేదు. ఆ తర్వాత ముహూర్తాలున్నది నిజ జ్యేష్ఠం నెల్లాళ్ళే, అది పోగానే ఆషాఢం. మళ్ళీ శ్రావణం వచ్చేదాకా ఈగలు తోలుకోవడమే. క్యాలెండర్ మీ తల వెనకే వేలాడుతోంది, ఒక్కసారి తిప్పి చూసి వ్యాపారం మొదలెడితే మీ సొమ్మేం పోయేది?

సత్తిబాబు: సామానంతా సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిందే! కుర్చీలు, గుండిగలు, షామియానాలు, అన్నీ కలిపి.

కనకం: దొరకదూ మరి! అమ్మినవాడు చూశాడు క్యాలెండర్.

(సత్తిబాబు దగ్గర దీనికి జవాబు లేదు. అలాంటప్పుడు మగవాళ్ళు కాఫీ అడుగుతారు. ఇతనూ అడిగాడు, ఆవిడ వినిపించుకోలేదు.)

సత్తిబాబు: ఊళ్ళో ఉన్న ఫంక్షన్ హాళ్ళన్నీ తిరిగి కార్డులిచ్చొచ్చాను, తెలుసా?

కనకం: హాలువాళ్ళకి కుర్చీలు, పాత్రలు, జనరేటరు అన్నీ సొంతానివే. అద్దెలోనే కలిపేస్తారు. చేపలు అమ్మేవాడికి చేపలమ్మబోయారు మీరు. మనకి కావాల్సింది ఇంటి దగ్గర చేసుకునేవాళ్ళు. బారసాల, సీమంతం, వ్రతం, గృహప్రవేశం, ఆఖరికి పెద్దకర్మ. దానికైతే మూఢం లేదు, ముహూర్తం లేదు.

సత్తిబాబు: వాళ్ళ కోసమేగా గూగుల్ మ్యాప్‌లో పెట్టించింది.

కనకం: చూశాను. గోస్తనీ కాలవ మధ్యలో చూపిస్తోంది మన కొట్టు. ఈత వచ్చినవాళ్ళే వస్తారు.

సత్తిబాబు: సరే, రేపు ఆడిటర్ దగ్గరికెళ్ళి జీఎస్టీ నంబరు తీసుకుంటాను. బిల్లు మీద నంబరుంటే గౌరవమే వేరు.

కనకం: సేవల వ్యాపారానికి అది ఏడాదికి 20 లక్షలు దాటితేనండీ. మనకింకా 20 రూపాయలు రాలేదు.

సత్తిబాబు: ఎందుకు రాలేదు? మా చెల్లి మనవడి బారసాలకి 50 కుర్చీలు వెళ్ళలేదూ?

కనకం: వెళ్ళాయి. డబ్బులూ రాలేదు, కుర్చీలూ రాలేదు.

సత్తిబాబు: అది ప్రచారమే!

కనకం: ఆ, బాగా జరిగింది ప్రచారం. వాళ్ళ తోటికోడలు అడిగింది, పక్కింటావిడ అడిగింది. ఇద్దరికీ ఊరికేనే కావాలిట.

సత్తిబాబు: మీ తమ్ముడు జంపఖానా పట్టుకెళ్ళాడుగా, వాడి సంగతి చెప్పవేం?

కనకం: తెచ్చిచ్చాడు కదండీ!

సత్తిబాబు: సాంబారుతో సహా.

కనకం: ఉతికింది నేనేగా! అది సరే గానీ, ఒకటి చెప్పండి. ఇంట్లో కార్యం పెట్టుకుంటే ముందెవరికి తెలుస్తుంది?

సత్తిబాబు: చుట్టాలకి.

కనకం: చుట్టాలకి అందరికంటే ఆఖర్న తెలుస్తుంది, అందుకే అలుగుతారు. ముందు పంతులుగారికి తెలుస్తుంది. తర్వాత శుభలేఖలేసే షాపువాడికి, ఆ తర్వాత వంట మాస్టారికి. కొత్త ఇల్లయితే తాపీమేస్త్రీకి. వీళ్ళ నలుగురినీ వదిలేసి మీరు కరెంటు స్తంభానికి చెప్పుకున్నారు.

సత్తిబాబు: వంట మాస్టారికి నిన్నే వాట్సాప్‌లో గుండిగల ఫొటోలు పెట్టాను. చూసి ఊరుకున్నాడు.

కనకం: ఆయనకి ఫొటో ఎందుకండీ, అడుగు కావాలి గానీ! పొద్దున్నే ఓ గుండిగ ఆటోలో వేసుకుని వాళ్ళింటికెళ్ళాను.

సత్తిబాబు: ఆటో డబ్బులెవరిచ్చారు?

కనకం: మీ చొక్కా జేబు. ఆయన దాన్ని తిరగేసి, వేలి కణుపుతో టంగుమని కొట్టి, చెవి పెట్టి విన్నాడు. రెండు చెవులూ పట్టుకుని ఊపి చూశాడు.

సత్తిబాబు: నీవా?

కనకం: గుండిగవి! అడుగు మందంగానే ఉంది, పరమాన్నం మాడదన్నాడు. గరిటెల మీద మాత్రం మన గుర్తు చెక్కించమన్నాడు. లేకపోతే నాలుగు ఫంక్షన్లు తిరిగేసరికి కాడ కూడా మిగలదట. బేరం తెస్తే నూటికి 10 తనకివ్వమన్నాడు.

సత్తిబాబు: ఎందుకియ్యాలి? గుండిగ నాది, ట్రాలీ కిరాయి నాది, అంట్లు తోమించేది నేను!

కనకం: ఫ్లెక్సీవాడు ముందే పుచ్చుకుని మిమ్మల్ని చంపేశాడు. ఈయన బేరం తెచ్చాకే పుచ్చుకుంటాడు. ఎవరు నయం?

(ఫోన్ మోగింది. ఇద్దరూ ఒకేసారి అందుకున్నారు. కనకం చేతికి దొరికింది.)

కనకం: ఆయ్, మాస్టారూ, చెప్పండి... ఎల్లుండి పెద్దకర్మా? అయ్యో పాపం... గుండిగలు ఆరు, గాడిపొయ్యిలు మూడు, బూరెల మూకుడు, సాంబారు బకెట్లు... ఉన్నాయండి. కుర్చీలు మూడొందలా? ఎందుకు లేవండీ, ఉన్నాయి. ఉంటానండి.

సత్తిబాబు: ఉన్నాయా? మనవే 100! అందులో 50 మా చెల్లి ఇంట్లో ఉన్నాయి!

కనకం: లేవంటే ఆయన ఇంకోడి దగ్గరికెళ్ళి మళ్ళీ మన మొహం చూడడు. ఈ లైన్లో ఎవరి సామాను వాళ్ళకెప్పుడు సరిపోయింది గనక! ఒకళ్ళ దగ్గర ఒకళ్ళు తెచ్చుకుంటూనే ఉంటారు. మార్కెట్ దగ్గర సప్లయర్స్ ఆయనకి ఫోన్ చెయ్యండి.

సత్తిబాబు: ఆయనకా? నేను చెయ్యను. ఇంకెవరైనా ఉంటే చెప్పు.

కనకం: ఏం?

సత్తిబాబు: మన ఫ్లెక్సీ కట్టించింది ఆయన ఫ్లెక్సీ మీదే.

కనకం: అయితే మీరే చెయ్యాలి.

(సత్తిబాబు వరండాలోకి వెళ్ళాడు. 'అన్నయ్యగారూ' అన్న మాట నాలుగైదుసార్లు వినపడింది. తిరిగొచ్చి గుండిగ పక్కన కింద చతికిలబడ్డాడు.)

కనకం: ఏమన్నాడు?

సత్తిబాబు: ఇస్తాడట. మనం 8 రూపాయలకిస్తే ఆయనకి 5. కుర్చీకి 3 మిగులుతుంది.

కనకం: మంచాయనే!

సత్తిబాబు: ముందు మన ఫ్లెక్సీ విప్పాలట. నేనే స్వయంగా ఎక్కి విప్పాలట. ఆయన కొట్టు ముందు కుర్చీ వేసుకుని చూస్తాడట.

కనకం: దానికేం, విప్పేయండి. పైగా మా వాళ్ళ ఏడుపూ ఆగుతుంది.

సత్తిబాబు: నిచ్చెన లేదే.

కనకం: షామియానాల వ్యాపారం పెట్టి నిచ్చెన కొనలేదా?

సత్తిబాబు: మొన్న కట్టేటప్పుడు అద్దెకి తెచ్చాను.

కనకం: ఎక్కణ్ణుంచి?

సత్తిబాబు: ఆయన దగ్గర్నుంచే.