స్పేర్ పార్టుకి డబ్బులిస్తాం, వెతికినవాడికి ఇవ్వం

నాలుగు నెలల్లో మా మారుతి 800కి కొత్త బ్యాటరీ వేశారు, సెల్ఫ్ (తాళం తిప్పగానే ఇంజిన్‌ని తిప్పే మోటారు) విప్పి బుష్‌లు మార్చారు, డైనమో (ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీని ఛార్జ్ చేసేది) మార్చారు. మొత్తం 9,900 రూపాయలు. బండి మాత్రం రెండు రోజులు కదపకుండా ఉంచితే మూడో రోజు పొద్దున తాళం తిప్పగానే 'టిక్' అని ఒక్క చప్పుడు చేసి ఊరుకునేది. ఇప్పుడు బాగైంది. బాగవడానికి కావాల్సి వచ్చింది జానెడు వైరు, కాస్త టేపు. ఆ మంట మీద రాస్తున్నాను. పొడుగవుతుంది, ఓపికున్నవాళ్ళే చదవండి.

బండి 1999 మోడల్, కార్బురేటర్‌ది, ఏపీ 16 నంబరు. మారుతి వాళ్ళు 800 తయారీ 2014లోనే ఆపేశారు. "ఇంకా దాన్నెందుకురా పట్టుకు వేలాడతావ్" అని ప్రతి పెళ్ళిలో ఎవరో ఒకరు అడుగుతారు. నాన్న కొన్న బండి అన్నది ఒక కారణం. రెండో కారణం, ఇందులో కంప్యూటర్ లేదు. ప్రతి వైరూ ఎక్కడో ఒకచోట బయల్దేరి ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ఓపికుంటే వేలితో పట్టుకుని పోవచ్చు. అలాంటి బండిలో నాలుగు నెలలు తప్పు దొరకలేదంటే, వెతకలేదనే అర్థం.

మొదటాయన మా వీధి చివర మెకానిక్. బానెట్ ఎత్తి, బ్యాటరీ వైపు చూసి, "పోయింది సార్" అన్నాడు. మీటర్ పెట్టలేదు, కనీసం ముట్టుకోలేదు. ఏడాదిన్నర బ్యాటరీ, పోయుండొచ్చులే అని నేనూ సరేనన్నాను. పది రోజులకి మళ్ళీ అదే 'టిక్'. రెండో ఆయన సెల్ఫ్ అన్నాడు. మూడో ఆయన డైనమో ఛార్జింగ్ ఇవ్వట్లేదన్నాడు. నేను అడిగింది ఒక్కటే, బ్యాటరీ ఎందుకు దిగిపోతోంది అని. ముగ్గురూ చెప్పింది ఒక్కటే, "ఇది మార్చి చూద్దాం" అని. ఆ 'చూద్దాం' ఖరీదే 9,900.

డైనమో సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద మీటర్ పెట్టి చూస్తే సుమారు 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య చూపించాలి. చూపిస్తే ఛార్జింగ్ వస్తున్నట్టే. అర నిమిషం పని. డైనమో లోపల డయోడ్ (కరెంట్‌ని ఒకవైపే పోనిచ్చేది) పాడైతే బండి ఆగి ఉన్నా కరెంట్ లాగుతుంది, కాదనను. దానికీ పరీక్ష ఉంది. బ్యాటరీ నెగటివ్ తీసి, డైనమో వెనక ఉన్న లావు వైరు విప్పి టేపు చుట్టి, నెగటివ్ మళ్ళీ కలిపి చూస్తే తెలిసిపోతుంది. పది నిమిషాలు. ఆ పది నిమిషాలకి బిల్లు వేయలేరు కాబట్టి 4,200కి డైనమో వేశారు.

అమ్మ మాత్రం మొదటి రోజే దిష్టి అంది. దుర్గమ్మ దగ్గర పూజ చేయించి నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టించింది. నలభై రూపాయల్లో అయిపోయింది. ఫలితం ముగ్గురు మెకానిక్కులతో సమానం.

ఇక నేనే చూద్దామని బెజవాడ గవర్నరుపేటలో 450 పెట్టి మల్టీమీటర్ కొన్నాను. బండి ఆపి, తాళం తీసేసి, బ్యాటరీ నెగటివ్ క్లిప్పు ఊడదీసి, క్లిప్పుకీ బ్యాటరీకీ మధ్య మీటర్‌ని 10 ఆంపియర్ల మీద పెట్టాలి. అప్పుడు బండి నిద్రలో ఎంత తింటోందో తెలుస్తుంది. ఈ తరం బండ్లకి 0.05 ఆంపియర్ లోపు ఉంటే భయం లేదు. ఆ స్థితిలో పొరపాటున సెల్ఫ్ కొట్టారో మీటర్ ఫ్యూజ్ ఎగిరిపోతుంది, సెల్ఫ్ వంద ఆంపియర్లకి పైనే లాగుతుంది. నాకు మొదటిసారి ఒకటిన్నర దాకా చూపించింది. దొంగ దొరికాడని ఎగిరి గంతేసి మా ఆవిడని పిలిచాను. ఆమె వచ్చి, "తలుపు తెరిచుంది, లోపల లైటు వెలుగుతోంది కదండీ" అంది. వెనక తలుపు కూడా సరిగ్గా పడలేదు. తలుపులు మూసి మళ్ళీ చూస్తే 0.38.

తక్కువే అనిపిస్తుంది కదా. లెక్క వేయండి. రోజుకి 24 గంటలు, 0.38 చొప్పున తొమ్మిది ఆంపియర్-అవర్లు. మా బ్యాటరీలో పట్టేది మొత్తం 35. రెండు రోజుల్లో సగం ఖాళీ. మూడో రోజుకి సెల్ఫ్ తిప్పే ఓపిక దానికి ఎక్కడుంటుంది? కొత్త బ్యాటరీ వేసినా అంతే, ఇంకో పూట ఎక్కువ ఆగుతుంది.

తర్వాత ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ మీటర్ చూడాలి. ఏ ఫ్యూజ్ తీస్తే అంకె పడిపోతుందో తప్పు ఆ దారిలో ఉన్నట్టు. నేను అన్నీ పీకాను. 0.38 కదల్లేదు. అప్పుడు నిజంగా టెన్షన్ వచ్చింది.

ఫ్యూజులు తీసినప్పుడు ఇంకో ముచ్చట బయటపడింది. నీలం రంగు 15 ఆంపియర్ల ఫ్యూజ్ ఉండాల్సిన చోట ఆకుపచ్చ 30ది ఉంది. ఇంకోచోట అసలు ఫ్యూజే లేదు, కాలిపోయిన ఫ్యూజ్ కాళ్ళకి రాగి పోగు చుట్టి దోపారు. ఎవరు ఎప్పుడు చేశారో దేవుడికే తెలియాలి. "పెద్ద ఫ్యూజ్ వేశాను సార్, ఇక ఎగరదు" అని గొప్పగా చెప్పే మహానుభావులారా, ఫ్యూజ్ ఉన్నదే ఎగరడానికి! అది ఎగరకపోతే వైరు కాలుతుంది. మన బెజవాడ మే నెల ఎండలో డాష్‌బోర్డు వెనక వైరు మీది ప్లాస్టిక్ ఇప్పటికే అప్పడంలా పెళుసెక్కి ఉంటుంది. 100/90 వాట్ల హెడ్‌లైట్ బల్బులు వేయించుకునేవాళ్ళకీ ఇదే మాట. కంపెనీ ఇచ్చింది 60/55. రెండు బల్బులు కలిసి తొమ్మిది పది ఆంపియర్లు లాగే చోట పదిహేను నుంచి పదిహేడు దాకా లాగిస్తే, రిలే (పెద్ద కరెంట్ స్విచ్ మీద పడకుండా తాను మోసేది) కూడా పెట్టకపోతే, ముందు స్విచ్ కరుగుతుంది, తర్వాత మీరు.

సరే, ఆటోనగర్ సంగతికి వస్తాను. ఆసియాలోనే పెద్దదని మనం చెప్పుకునే ఆటోనగర్ ఊళ్ళో పెట్టుకుని నేను వీధి చివర ముగ్గురి చుట్టూ తిరగడమే తప్పు. అక్కడ లారీల వైరింగ్ చేసే ఒక పెద్దాయన ఉన్నాడు. అరవై దాటి ఉంటాయి. పేరు రాయను, ఆయనకిష్టం ఉండదు. సామాను అంతా ఒక రేకు డబ్బాలో ఉంటుంది. అందులో ముఖ్యమైనది టెస్ట్ ల్యాంప్, అంటే బల్బు హోల్డరుకి రెండు వైర్లు, ఒక చివర క్లిప్పు, ఇంకో చివర గోనె కుట్టే దబ్బనం.

నేను నా మీటర్, నా 0.38, నా ఫ్యూజుల కథ అంతా చెప్పాను. మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన బానెట్ కూడా ఎత్తలేదు.

"కంపెనీ పెట్టనిది ఏదైనా పెట్టించారా అబ్బాయ్ ఈ బండికి?"

"ఏం లేదు బాబాయ్."

"పాటల సెట్టు కంపెనీదేనా?"

కాదు. 2011లో ఒక యాక్సెసరీస్ షాపులో నాన్న పెట్టించింది. ఆయన సెట్టు బయటికి లాగాడు. వెనక ఎర్ర వైరు, పసుపు వైరు కలిపి మెలేసి ఉన్నాయి. బయట కొనే సెట్లకి పసుపు వైరు ఎప్పుడూ కరెంట్ ఉండేచోట ఇవ్వాలి, సెట్టు జ్ఞాపకం కోసం. ఎర్రది తాళం తిప్పితేనే కరెంట్ వచ్చేచోట ఇవ్వాలి. మా బండిలో రెండూ కలిపి, ఫ్యూజ్ బాక్సుతో పని లేకుండా, తాళం స్విచ్‌కి వచ్చే లావు వైరుని గీరి దానికి చుట్టేశారు. అందుకే ఏ ఫ్యూజ్ పీకినా అంకె కదల్లేదు. సెట్టు బటన్ నొక్కి ఆపినా లోపల సగం మేలుకునే ఉంటుంది. నాలుగు నెలలుగా మా బ్యాటరీని తాగింది అదే.

ఇంటికొచ్చి నాన్నని అడిగితే ఆయనకి గుర్తుంది. "నేనే అలా పెట్టమన్నా. మీ అమ్మ రైతుబజారులోకి వెళ్తే గంట దాకా రాదు. తాళం లేకుండా పాటలు రావాలన్నా" అన్నారు. మరి పదమూడేళ్ళు బ్యాటరీ ఎందుకు దిగలేదు? నాన్న రోజూ నడిపేవారు, రాత్రి తిన్నది పగలు నిండిపోయేది. శుక్లాల ఆపరేషన్ తర్వాత ఆయన నడపడం మానేశారు. నేను వారానికి ఒకసారి తీస్తాను. తప్పు 2011 నుంచీ ఉంది, బయటపడింది ఇప్పుడు.

ఆ రోజు ఆటోనగర్ పెద్దాయన ఎర్ర వైరు విడదీసి, తాళంతో వచ్చే కరెంట్‌కి కొత్త జానెడు వైరుతో కలిపి, పసుపుదానికి చిన్న ఫ్యూజ్ పెట్టి, రెండూ సాల్డరింగ్ చేశాడు. నల్ల టేపు మీద ఆయనకి నమ్మకం లేదు. ఎండకి జిగురు కరిగి జారిపోతుందంటాడు. అది చుట్టే ముందు, వేడి చేస్తే ముడుచుకుని పట్టేసే గొట్టం తొడిగాడు. మీటర్ 0.01కి వచ్చింది.

నేను లేవబోతుంటే, "బ్రేకు తొక్కు" అన్నాడు. తొక్కాను. ఎడమవైపు వెనక లైట్ దగ్గర బ్రేకు లైటు బదులు చిన్న లైట్లన్నీ మసగ్గా వెలిగాయి. డాష్‌బోర్డులో కూడా సన్నగా వెలుగు. గుంటూరు నుంచి రాత్రిపూట వస్తున్నప్పుడు చూశాను, నా కళ్ళే అనుకున్నాను. "ఎర్త్ పోయింది" అన్నాడు.

ఈ ఎర్త్ సంగతి పాత బండి ఉన్న ప్రతివాళ్ళూ తెలుసుకోవాలి. కరెంట్ బల్బు దాకా వెళ్తే సరిపోదు, తిరిగి బ్యాటరీకి రావాలి. ఆ తిరుగు దారి బండి బాడీయే. బల్బు హోల్డర్ నుంచి నల్ల వైరొకటి వచ్చి రేకుకి స్క్రూతో బిగించి ఉంటుంది. అక్కడ తుప్పో చిలుమో పట్టిందా, కరెంట్‌కి దారి మూసుకుపోతుంది. బెంజ్ సర్కిల్లో దారి మూస్తే బండ్లన్నీ పటమట సందుల్లో దూరినట్టు, ఆ కరెంట్ పక్క బల్బు ఫిలమెంట్‌లోంచి, డాష్‌బోర్డు లైట్లోంచి దూరి ఇంకో ఎర్త్ వెతుక్కుంటుంది. బ్రేకు తొక్కితే ఇండికేటర్ మినుకుమంటోందా, హెడ్‌లైట్ వేస్తే టెంపరేచర్ ముల్లు పైకి లేస్తోందా, ముందు ఎర్త్ చూడండి. బల్బులు కొనకండి.

వైరు తెగకపోతే బీప్ అనేలా నా మీటర్ పెట్టి చూపించాను, ఆ నల్ల వైరు బాగానే ఉందని. ఆయన నవ్వాడు. వైరులో పోగులన్నీ తెగి ఒక్కటి మిగిలినా మీటర్ బీప్ అంటుంది. దానిమీద లోడ్ పెడితే తెలుస్తుంది బండారం. బ్రేకు తొక్కి ఉంచమని, మీటర్ ఒక వైరు బల్బు ఎర్త్ దగ్గర, ఇంకోటి బ్యాటరీ నెగటివ్ దగ్గర పెట్టించాడు. 0.1, 0.2 వోల్టుకి మించకూడదు. నాకు 3.4 చూపించింది. స్క్రూ విప్పి, వైరు చివరి లగ్గునీ రేకునీ ఎమరీ పేపర్‌తో రుద్ది, కాస్త గ్రీజు రాసి బిగించాడు. బ్రేకు లైటు ఎర్రగా మండింది. కొత్త పార్టు సున్నా.

మధ్యలో ఒక మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి వరద వచ్చినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం వైపు బండ్లు రోజుల తరబడి నీళ్ళలో నానాయి. వైరు కొసలోంచి నీరు ప్లాస్టిక్ లోపల రాగి పోగుల వెంట పాకుతుంది. పైకి వైరు నిగనిగలాడుతుంది, కోస్తే లోపల ఆకుపచ్చ చిలుము. ఏడాది రెండేళ్ళకి ఒక్కొక్కటీ మొరాయిస్తుంది. చవగ్గా వచ్చిందని సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, బురద చార ఉంటుంది. సీటు కింద కార్పెట్ ఎత్తి వాసన చూడండి. పాలిష్ అక్కడిదాకా పోదు.

మొత్తం రెండు గంటలు పట్టింది. ఆయన 600 అడిగాడు. నేను వెయ్యి ఇచ్చాను. ఇచ్చి గొప్పవాణ్ణి అయిపోయినట్టు ఫీలయ్యాను, దాచడం ఎందుకు. వెనక్కి వస్తుంటే పాత సంగతి ఒకటి గుర్తొచ్చి ఆ గొప్ప కాస్తా దిగిపోయింది.

ఆరేడేళ్ళ క్రితం నా బైక్ హెడ్‌లైట్ పని చేయకపోతే ఒక కుర్రాడు గంటన్నర కూర్చుని హ్యాండిల్ దగ్గర తెగిన వైరు పట్టుకున్నాడు. ట్యాంక్ విప్పాడు, చెమటలు కక్కాడు. 300 అడిగితే, "ఏంటి తమ్ముడూ, ఒక్క వైరు అతికించినందుకా?" అని 150 చేతిలో పెట్టి వచ్చేశాను. అదే కుర్రాడు కొత్త స్విచ్ సెట్టు వేసి 900 అడిగి ఉంటే మారుమాట్లాడకుండా ఇచ్చేవాణ్ణి. డబ్బా చూపించేవాడు కదా.

అందుకే ఆ ముగ్గురు మెకానిక్కుల మీద కోపం సగానికి పడిపోయింది. మిగతా సగం అలాగే ఉంది, డైనమో డబ్బులు మూడో ఆయన దగ్గరే ఉన్నాయి కాబట్టి. వెతికి పట్టుకుంటే 150, మార్చేస్తే 4,200 అయినప్పుడు ఏ మెకానిక్ వెతుకుతాడు? ఇప్పుడు నేను బండి ఇచ్చేటప్పుడే చెబుతున్నాను. "వెతికినందుకు గంటకి ఇంత ఇస్తాను. ఏమీ దొరక్కపోయినా ఇస్తాను. నన్నడక్కుండా ఏదీ మార్చొద్దు." ఇద్దరు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. ఒకడు మాత్రం స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

ఇంకా ఒకటి మిగిలింది. హారన్ స్టీరింగ్ ఎడమకి తిప్పినప్పుడే మోగుతోంది. స్టీరింగ్ కింద కాంటాక్ట్ రింగు ఒకవైపు అరిగి ఉంటుందని నా అనుమానం. వచ్చే ఆదివారం విప్పుతాను. ఈలోగా ఏలూరు రోడ్డులో నాకు కుడిపక్క నుంచి దూరేవాళ్ళు కాస్త మీరే చూసుకుని రండి.