గాలి గేజిని నిషేధించాలి

మన సమాజంలో తీరిగ్గా కూర్చుని వాదించుకోడానికి మిగిలిన విషయాలు తక్కువ. రాజకీయాలెత్తితే స్నేహాలు చెడుతున్నాయి. సినిమాలెత్తితే తలలు పగులుతున్నాయి. ఇక అన్ని కులాల, అన్ని పార్టీల, అన్ని హీరోల అభిమానులూ కలిసి నిలబడగలిగే చోటు ఒక్కటే: సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ బైకు చుట్టూ. "అన్నా, డెబ్బై నుంచి స్పీడు తగ్గిస్తుంటే హ్యాండిల్ వణుకుతోంది" అని ఓ కుర్రాడు షెడ్డు ముందు బండి ఆపాడా, పక్క టీకొట్టుకు గంటన్నర గిరాకీ గ్యారంటీ. ఇంతమందిని ఒక్కచోట చేర్చే ఈ మహత్తర వ్యవస్థను పెన్ను సైజు పరికరం ఒకటి కూలదోస్తోంది. దాన్ని గాలి గేజి అంటారు. ఖరీదు కొన్ని వందలు. టైరు వాల్వు మీద పెట్టగానే లోపల గాలి ఒత్తిడెంతో అంకెలో చూపిస్తుంది. అంకె కనిపించాక ఇక మాట్లాడుకోడానికి ఏముంటుంది? కాబట్టి ప్రభుత్వం తక్షణం జోక్యం చేసుకుని దాన్ని నిషేధించాలి.

మన సంప్రదాయ వైద్యం ఎంత గొప్పదో ఈ తరానికి తెలియదు. బండికి స్టాండు వేసేలోపే రోగనిర్ధారణ అయిపోవాలి. మొదటి వైద్యుడు సీటు మీద అరచేత్తో రెండు నొక్కులు నొక్కి "షాకబ్జర్ పోయింది" అంటాడు. రెండో ఆయన ముందు బ్రేకు పట్టి, హ్యాండిల్‌ని కిందికి అదిమి, ముందు చక్రాన్ని పట్టుకునే జంట గొట్టాల వంక చూసి, "ఫోర్కు వంగింది, ఎక్కడో గుద్దించారు" అంటాడు. మూడో ఆయన బండిని ముట్టుకోడు. పదడుగుల దూరంలో ఒక కన్ను మూసి చూసి "ఛాసిస్ అవుట్" అని తేలుస్తాడు. నాలుగో ఆయన అసలు బండి వైపే చూడడు. "ఆ మోడలే అంత," అని టీ గ్లాసు కింద పెడతాడు. నలుగురిలో ఏ ఒక్కరూ వాల్వు మూత విప్పరు. అందులో ఓ మర్యాద ఉంది. కొత్తగా వచ్చిన బండిని గాలి ఎంతుందని అడగడమేంటి, బాగోదు.

ఉదాహరణకి 2014లో మన దేశంలో అమ్మకానికొచ్చిన కేటీఎం కంపెనీ స్పోర్ట్స్ బైకు, మొదటి తరం ఆర్‌సీ 390 తీసుకుందాం. ముందు 110/70, వెనక 150/60 సైజు టైర్లు, రెండూ పదిహేడంగుళాల చక్రాలు. ఇలాంటి బండికి గాలి ఎంతుండాలన్నది కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. చాలా బళ్ళకి వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ మీదో చైన్ కవర్ మీదో స్టిక్కరు కూడా ఉంటుంది. సుమారుగా ముప్పై పీఎస్ఐకి (గాలి ఒత్తిడి కొలిచే లెక్క) అటూ ఇటూ. అదీ టైరు చల్లగా ఉన్నప్పుడు, పొద్దున్నే బండి తియ్యకముందు కొలవాలి. ఎండలో అరగంట తోలాక కొలిస్తే లోపల గాలి వేడెక్కి అంకె పెరుగుతుంది, దాన్ని చూసి గాలి తీసేస్తే మర్నాడు పొద్దుటికి తక్కువై కూర్చుంటుంది. ముందు టైర్లో గాలి తక్కువుంటే హ్యాండిల్ బరువెక్కుతుంది, బండి మలుపులోకి దిగనని మొరాయిస్తుంది. ఎక్కువుంటే చిన్న గతుక్కి కూడా వెన్నుపూసలు లెక్కపెట్టుకోవాల్సి వస్తుంది. ఈ రెండు జబ్బులకీ మన షెడ్లలో మందు ఒకటే, వెనక షాక్ మార్చడం.

మరి పంచర్ షాపులో ఏం జరుగుతుంది? "హైవే మీద పోతారు కదా సార్, నలభై కొట్టాను." ముందూ నలభై, వెనకా నలభై. వివక్ష లేదు. మీరు ముఖం అదోలా పెడితే "నైట్రోజన్ కొట్టమంటారా?" అని ఇంకో మెట్టు ఎక్కిస్తాడు. మనం పీల్చే మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే. తక్కిన ఇరవై రెండు శాతం కోసం విడిగా డబ్బు పుచ్చుకునే వ్యాపారదక్షతను నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తున్నాను. పెట్రోలు బంకులో గాలి ఉచితంగా కొట్టాలన్న నిబంధన ఉండనే ఉంది, కానీ ఉచితమైన దాని మీద ఎవరికీ నమ్మకం ఉండదు.

ఇప్పుడు అమ్మకం ప్రకటనల సాహిత్యానికి వద్దాం. "సింగిల్ ఓనర్, షోరూమ్ కండిషన్, టైర్లు 80 శాతం, సీరియస్ బయ్యర్స్ ఓన్లీ." ఇందులో టైర్లు 80 శాతం అనేది ఏ కొలతో నేటికీ తేలలేదు. గాడుల లోతా, టైరు వయసా, అమ్మేవాడి ఆత్మవిశ్వాసమా? లోతు తెలియాలంటే గాడుల అడుగున అడ్డంగా కట్టిన చిన్న గట్లు చూస్తే చాలు, పైరబ్బరు అరిగి వాటితో సమానమైందంటే ఆ టైరు ప్రయాణం ముగిసినట్టే. కానీ అలా వంగి చూడ్డం అవతలివాడిని అవమానించడం. పైగా కొందరు గుండు టైరుకి వేడి బ్లేడుతో కొత్త గాడులు కోస్తారు. అసలే పల్చబడ్డ రబ్బరులోంచి ఇంకాస్త తీసేసి దాన్ని కొత్తది చెయ్యడం సామాన్యమైన విద్య కాదు.

వయసు సంగతి ఇంకా సున్నితం. టైరు పక్కగోడ మీద డీవోటీ అక్షరాల చివర నాలుగంకెలుంటాయి. 1416 అని ఉంటే అది 2016లో పద్నాలుగో వారంలో, అంటే ఏప్రిల్ మొదట్లో పుట్టింది. గాడులు నిండుగా ఉన్నా, నల్లగా నిగనిగలాడుతున్నా, ఇన్నేళ్ళ ఎండకి రబ్బరు గట్టిపడి ఉంటుంది, వానలో రోడ్డుని పట్టుకోదు. ఐదేళ్ళు దాటితే ఏటా చూపించుకోమని, పదేళ్ళు దాటితే ఎంత బాగా కనిపించినా తీసేయమని పేరున్న టైరు కంపెనీలే చెబుతున్నాయి. అమ్మేవాళ్ళు మాత్రం ఆ నిగనిగ కోసం టైరు పాలిష్ రాస్తారు. పక్కగోడ పగుళ్ళు మూసుకుపోతాయి. రోడ్డుని తాకే భాగానికి కూడా రాసే ఉదారులున్నారు. కొనేవాడు మొదటి మలుపులోనే ఆ ఔదార్యం మీద జారతాడు. మనుషుల దగ్గర పుట్టిన తేదీ అడగడానికి మొహమాటపడతాం కదా, టైర్ల విషయంలో మాత్రం ఈ బరితెగింపు ఎందుకో. ఆ నాలుగంకెల్ని వ్యక్తిగత సమాచారంగా ప్రకటించి చెరిపెయ్యాలని నా రెండో డిమాండు.

ఆ టైరు ఇంకో రహస్యం కూడా బయటపెడుతుంది. యజమాని "శ్రీశైలం ఘాట్‌లో మోకాలు ఆనించి తిప్పాను బ్రో" అంటాడు. వెనక టైరు నడుమ చపాతీ కర్రతో ఒత్తినట్టు చదునుగా ఉంటుంది, రెండంచుల్లో వేలెడు వెడల్పున ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సన్నటి రబ్బరు వెంట్రుకలు ఇంకా అలాగే ఉంటాయి. అంటే ఆ బండి శ్రీశైలం పోలేదు, అరవై ఐదో నంబరు హైవే మీద హైదరాబాద్ నుంచి విజయవాడకి, విజయవాడ నుంచి హైదరాబాద్‌కి సూటిగా పోయి సూటిగా వచ్చింది. వంగడానికి పుట్టిన బండి జీవితమంతా ధర్మమార్గంలో నిటారుగా నడిచింది. ఇందులో తప్పేం లేదు. చిక్కల్లా తరవాతి యజమానికే. నడుమ చదునైన టైరు మొదట వంగనంటుంది, ఇంకాస్త తోస్తే ఆ చదును అంచు దాటి ధబేల్న పక్కకి పడుతుంది. అనంతగిరి మలుపుల్లో దీని రుచి చూసినవాడు వికారాబాద్‌లో ఆగి నలుగురిని అడుగుతాడు. నలుగురూ "ఫోర్కు చూపించుకో" అంటారు. జబ్బు వెనక చక్రంలో, వైద్యం ముందు చక్రానికి.

ఫోర్కు వైద్యం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మొదటి తరం ఆర్‌సీ 390 ముందు ఫోర్కులో తిప్పడానికి ఏమీ లేదు. తలకిందులుగా బిగించిన నలభై మూడు మిల్లీమీటర్ల లావు గొట్టాలు చూడ్డానికి దర్జాగా ఉంటాయి కానీ స్ప్రింగుని ముందే కాస్త నొక్కి ఉంచే ప్రీలోడ్ మర గానీ, ఊపుని అదుపుచేసే డ్యాంపింగ్ మర గానీ కంపెనీ పెట్టలేదు. అయినా మన ఆటోనగర్లలో ఆ ఫోర్కుకి సెట్టింగ్ చేయించుకున్నవాళ్ళు తక్కువేం కాదు. "ఇప్పుడు చూడు తమ్ముడూ, బటర్" అంటాడు మెకానిక్. తమ్ముడు ఓ రౌండు కొట్టొచ్చి "అవునన్నా, తేడా తెలుస్తోంది" అంటాడు. లేని మరని తిప్పి లేని తేడా తెప్పించడం మాటలా? డబ్బు మాత్రం ఉన్నదే ఇచ్చాడు.

వెనక షాక్‌కి మర ఉంది. స్ప్రింగు మీది రింగుని సీ ఆకారపు స్పానరుతో తిప్పొచ్చు. దీన్ని మనవాళ్ళు ఒకే దిక్కుకి తిప్పుతారు, చివరిదాకా. "హార్డ్ చేశా సార్." నిజానికి స్ప్రింగు గట్టిదనం ఆ రింగుతో ఇసుమంతైనా మారదు. మనిషి కూర్చున్నప్పుడు బండి వెనకభాగం ఎంత దిగుతుందన్నది మాత్రమే మారుతుంది. ఎంత దిగాలో కొలిచే పద్ధతి ఒకటుంది: వెనక చక్రం గాల్లోకి లేపి, ఇరుసు నుంచి సీటు తోక మీద ఓ గుర్తు దాకా టేపుతో కొలవాలి. తరవాత నడిపేవాడు రోజూ వేసుకునే జాకెట్టూ హెల్మెట్టూ వేసుకుని కూర్చుంటే ఒకరు బండి పట్టుకోవాలి, ఇంకొకరు మళ్ళీ కొలవాలి. తేడా ముప్పై నుంచి నలభై మిల్లీమీటర్ల మధ్య ఉంటే రోడ్డు మీద తోలడానికి సరిపోతుంది. అంతకంటే చాలా ఎక్కువ దిగితే రింగు బిగించాలి, తక్కువ దిగితే వదులు చెయ్యాలి. టేపు చవగ్గానే దొరుకుతుంది. కానీ ముగ్గురు మగాళ్ళు ఒకచోట చేరి, ఒకడు కొలతలు చెబుతుంటే ఇంకొకడు కాగితం మీద రాసుకోవడం! దర్జీ కొట్టు అనుకుంటారని భయం.

ఇంకొన్ని సంఘవిద్రోహ పరీక్షలు కూడా ప్రచారంలో ఉన్నాయి, ప్రజలు అప్రమత్తంగా ఉండాలి. స్పీడు బ్రేకరు దాటాక వెనకభాగం ఒకసారి లేచి కుదురుకోక, రెండు మూడుసార్లు ఊగితే షాక్‌లో డ్యాంపింగ్ పోయినట్టు. అప్పుడు రింగు బిగిస్తే ఆ ఊపు తగ్గదు. అంటే "హార్డ్ చేశా సార్" అన్నాక కూడా బండి గెంతుతూనే ఉంటుంది, మనవాడు మరో వందిచ్చి మరో మెట్టు హార్డ్ చేయించుకుంటాడు. ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్‌ని రెండు వేళ్ళతో మెల్లగా తిప్పినప్పుడు సరిగ్గా మధ్యలో టిక్కున పట్టుకుంటే కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు, గుంటలు పడినట్టు. ఫోర్కు కింది కొసలు పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగితే టకటకమంటే కోన్ సెట్ వదులైనట్టు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఇరుసు దగ్గర ఆట కనిపిస్తే వీల్ బేరింగు. ముందు టైరు మీద చెయ్యి రాస్తే అలలు అలలుగా తగిలితే అది గుంటలు గుంటలుగా అరిగింది. దానికి గాలి తక్కువతనమో, బ్యాలెన్సింగ్ లేకపోవడమో, ఫోర్కు నీరసమో కారణమై ఉంటుంది. పైన కుర్రాడు చెప్పిన వణుకు చాలాసార్లు ఈ ముందు టైరు నుంచో కోన్ సెట్ నుంచో వచ్చిందే. ఫోర్కు మెరుపు గొట్టం చుట్టూ నూనె ఉంగరం కనిపిస్తే ఆయిల్ సీలు పోయింది, ఆ నూనె జారి బ్రేకు ప్యాడ్ల మీద పడిందంటే ఆగాల్సిన చోట బండి ఆగదు. అమ్మేవాడు బండి చూపించే ముందు గుడ్డతో తుడిచేది అందుకే. నాలుగుసార్లు ఫోర్కుని కిందికి అదిమి మళ్ళీ చూస్తే ఉంగరం తిరిగొస్తుంది. ఇంత నిర్దాక్షిణ్యం ఎందుకండీ?

ఇన్ని చేసినా తృప్తి లేకపోతే ఆఖరి మందు లావు టైరు. నూట ముప్పై మిల్లీమీటర్ల వెడల్పు టైరుకి చేసిన రిమ్ము మీద నూట యాభై టైరు ఎక్కించడం మన యువతరం ఆత్మగౌరవానికి సంబంధించిన విషయం. సన్న రిమ్ము లావు టైరు అంచుల్ని లోపలికి నొక్కేస్తుంది, నడుం పైకి పొడుచుకొస్తుంది, నిటారుగా పోయేటప్పుడు రోడ్డుని తాకే భాగం పెరగదు సరికదా, టైరుకి తయారీలో ఇచ్చిన ఆకారమే పోతుంది. బండి మలుపులోకి దిగడానికి బద్ధకిస్తుంది. అయినా వెనక నుంచి చూసినవాళ్ళు "ఎంత సీసీ బ్రో?" అని అడుగుతారు. బండి ఎలా పోతోందన్నది నడిపేవాడొక్కడికే తెలుస్తుంది, వెనక నుంచి ఎలా కనిపిస్తోందన్నది ఊరందరికీ తెలుస్తుంది. ప్రజాస్వామ్యంలో ఏది ముఖ్యమో వేరే చెప్పాలా?

ఈ మధ్య గేజి, టేపు, టార్చిలైటు సంచిలో పెట్టుకుని, ఫోర్కుకి కట్టి అది ఎంత దిగుతోందో చూడ్డానికి ప్లాస్టిక్ ట్యాగొకటి కూడా తెచ్చుకుని, పాత బండి చూడ్డానికి వెళ్ళే జాతి ఒకటి తయారైంది. వాళ్ళకి మన అమ్మకందారులు చెబుతున్న సమాధానం ఇప్పటికే దాదాపు ఒకేలా స్థిరపడింది. ముందు గేజి తియ్యగానే "పొద్దున్నే కొట్టించాను బ్రో." చక్రం లేపుదామనగానే "సెంటర్ స్టాండు లేదు కదా." టైరు నంబరు చదవగానే "ఆ అంకెలు కంపెనీ బ్యాచ్ నంబరు." మలుపులున్న రోడ్డు మీద ఓ రౌండు వేస్తాననగానే "సందు చివరిదాకా వెళ్ళి రండి, ఆధార్ కార్డు ఇక్కడ పెట్టి." సందు చివరికి వెళ్ళొచ్చి, టైర్లు రెండూ మార్చాలి, కోన్ సెట్టూ మార్చాలి, ఆ మేరకు ధర తగ్గించమంటే అప్పుడొస్తుంది అసలు తీర్పు: "మీరు కొత్తబండి చూసుకోండి సార్. మీలాంటివాళ్ళకి పాతబళ్ళు పడవు."