తడి కట్టెలతో అలాస్కా చలికాలం గడవదు

అలాస్కాలో నాలుగెకరాలు కొనుక్కుని, చిన్న కేబిన్ వేసుకుని, మంచులో ప్రశాంతంగా బతుకుదామనుకునేవాళ్ళు మన తెలుగువాళ్ళలోనూ ఉన్నారు. ఆ కోరికను నేను తప్పుపట్టను. ఆ కోరిక పుట్టించే వీడియోలను చూస్తే మాత్రం ఒళ్ళు మండుతుంది. పొయ్యిలో మంట చూపిస్తారు, కిటికీ అవతల మంచు చూపిస్తారు. ఆ మండే కట్టెను ఎప్పుడు చీల్చారో, ఎన్నాళ్ళు ఎండబెట్టారో ఒక్క ముక్క చెప్పరు. ఇక్కడ చలికాలమంతా ఆ ముక్క మీదే ఆధారపడి ఉంటుంది.

ప్రభుత్వం భూమి ఊరికే ఇస్తుందని ఇంకా నమ్మేవాళ్ళున్నారు, ముందు ఆ సంగతి. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాలు ఇచ్చిన మాట నిజమే. దాన్ని 1976లో రద్దు చేశారు, అలాస్కాకు మాత్రం 1986 దాకా గడువిచ్చారు. ఇప్పుడు ఎవరైనా డబ్బు పెట్టి కొనుక్కోవాల్సిందే. చవగ్గా దొరికే చోట చాలాసార్లు కరెంటు ఉండదు, బోరు ఉండదు, మంచు పడితే రోడ్డు శుభ్రం చేసే నాథుడూ ఉండడు.

నేను చెప్పేదంతా అలాస్కా నడిమధ్యన ఉన్న ఫెయిర్‌బ్యాంక్స్ ఊరి చుట్టుపక్కల సంగతి. లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నాకు దిగితే మనవాళ్ళు బండ్లు కట్టుకుని చూడ్డానికి వెళ్తారు. ఇక్కడ జనవరిలో మైనస్ 30 సెల్సియస్ మామూలే, మైనస్ 40 కూడా కొత్త కాదు. 1934 జనవరిలో మైనస్ 54 నమోదైంది. డిసెంబర్ 21న పగలు మూడు గంటల నలభై నిమిషాలు ఉంటుంది, అంతే.

ఈ చలిని ఆపేది కట్టె. ఇక్కడ దొరికేవి ముఖ్యంగా బిర్చ్, స్ప్రూస్. ఒకే కొలతకు స్ప్రూస్ కన్నా బిర్చ్ పాతిక శాతం పైనే ఎక్కువ వేడినిస్తుంది. కట్టెను కార్డుల్లో కొలుస్తారు. నాలుగడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున పేర్చిన కుప్ప ఒక కార్డు, అంటే 128 ఘనపుటడుగులు. గోడలు గట్టిగా ఉన్న చిన్న కేబిన్‌కే చలికాలానికి ఐదారు కార్డులు పడతాయి. చలిగాలి దూరే ఇల్లయితే పది కార్డులు పోసినా చాలదు.

అసలు గొడవ తేమతో. పచ్చి బిర్చ్ బరువులో దాదాపు 40 శాతం నీళ్ళే. దాన్ని పొయ్యిలో పెడితే పుట్టిన వేడిలో పెద్ద వాటా ఆ నీళ్ళను ఆవిరి చేయడానికే పోతుంది. గది వేడెక్కదు, పొగ చల్లారిపోతుంది, ఆ చల్లారిన పొగ గొట్టం లోపలి గోడలకు తారులాంటి క్రియోసోట్‌గా పేరుకుంటుంది. ఓ రాత్రి మంట కాస్త ఎక్కువైతే ఆ క్రియోసోటే అంటుకుంటుంది. పొగగొట్టంలో లేచిన మంట పైకప్పుకు పాకిందంటే, ఫైరింజన్ రాని చోట ఇల్లు మిగలదు. మైనస్ 40లో ఇల్లు పోవడమంటే ప్రాణం మీదికి వచ్చినట్టే.

అందుకే కట్టెపని చలికాలం అయిపోతుండగానే మొదలవ్వాలి. మార్చి, ఏప్రిల్‌లో కొట్టి, మే లోపు చీల్చి పేర్చేయాలి. బిర్చ్‌ను గుండ్రని దుంగలుగా అసలు వదలకూడదు. ఆ బెరడు నీటిని బయటికి పోనివ్వదు, లోపల కట్టె ఎండకపోగా కుళ్ళుతుంది. పొయ్యి పొడవు కన్నా రెండు మూడు అంగుళాలు తక్కువగా కోసి, నాలుగైదంగుళాల మందాన పేళ్ళుగా చీల్చి, నేలకు తగలకుండా చెక్కల మీద పేర్చాలి. కప్పు పైన మాత్రమే వేయాలి. పక్కలు కూడా టార్పాలిన్‌తో చుట్టేస్తే గాలి ఆడదు, ఎండాకాలమంతా పోయినా కట్టె పచ్చిగానే ఉంటుంది. ఈ పొరపాటు చేసేవాళ్ళే ఎక్కువ.

తేమ 20 శాతం లోపు ఉండాలి. తేమ కొలిచే మీటరు సూదుల్ని పేడు పైభాగంలో గుచ్చితే ఏమీ తెలియదు, పేడును మళ్ళీ చీల్చి ఆ కొత్త ముఖం మీద చూడాలి. గడ్డకట్టిన కట్టె మీద మీటరు తక్కువ చూపి మోసం చేస్తుంది కాబట్టి ముందు ఇంట్లో పెట్టి వెచ్చబడనివ్వాలి. చలికాలం మధ్యలో 'ఎండు కట్టె' అని అమ్మకానికొచ్చేదాన్ని ఈ పరీక్ష లేకుండా కొనకండి. ఫెయిర్‌బ్యాంక్స్ ప్రాంతం 2009 నుంచి గాలిలోని సన్న ధూళి పరిమితి దాటిన ప్రాంతాల జాబితాలో ఉంది. చలికాలంలో చల్లగాలి లోయలో నేలను అంటుకుని ఉండిపోతుంది, పొగ పైకి పోదు. మీ తడి కట్టె పొగ మీ పక్కింటి పసిపిల్లల ఊపిరితిత్తుల్లోకే పోతుంది. ఇది మీ సొంత వ్యవహారం అని ఎలా అంటారు?

రోజు మొదలయ్యేది బూడిద దగ్గర. రాత్రి మిగిలిన నిప్పుల్ని ముందుకు లాగి, వెనక పేళ్ళు పెట్టి, పది పదిహేను నిమిషాలు పొయ్యిలోకి గాలి వెళ్ళే దారి పూర్తిగా తెరవాలి. గొట్టం వేడెక్కాక తగ్గించాలి. రాత్రంతా మండాలని పడుకునే ముందు గాలి బిగించేస్తే మంట పొగబారి క్రియోసోటే తయారవుతుంది. బూడిద అంగుళం మేర ఉంచి, మిగతాది మూతున్న ఇనుప బకెట్‌లో తీసి ఇంటికి దూరంగా, మంచు మీద పెట్టాలి. చల్లగా కనిపించే బూడిదలో నిప్పు రోజుల తరబడి బతికుంటుంది. చెక్క వరండాలో పెట్టి ఇల్లు కాల్చుకున్నవాళ్ళున్నారు. పొగగొట్టం పైకప్పు నుంచి బయటికొచ్చిన చోట కనీసం మూడడుగులు పైకి ఉండాలి, పదడుగుల దూరంలో ఉన్న దేనికన్నా రెండడుగులు ఎత్తు ఉండాలి. నెలకోసారి బ్రష్ వేయాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం లేని కేబిన్‌లో ఒక్క రాత్రి కూడా పడుకోవద్దు.

నీళ్ళకు ఐదు గ్యాలన్ల క్యాన్లే దిక్కు. ఒక్కోటి 19 కిలోలు. మంచు కరిగించుకుంటే చాలదా అని అడుగుతారు. ఇక్కడి పొడి మంచు పది బకెట్లు కరిగిస్తే ఒక బకెట్ నీళ్ళు రావడం కష్టం, దానికీ కట్టె కావాలి. కరిగించక తప్పనప్పుడు గిన్నె అడుగున ముందు కాసిని నీళ్ళు పోయాలి, లేకపోతే గిన్నె మాడి నీళ్ళకు మాడువాసన పడుతుంది. సింకు కింద బకెట్ ఉంటుంది, అది నిండకముందే పారబోయాలి. మరుగుదొడ్డి బయటే. సీటు రెండంగుళాల నీలం ఫోమ్ షీట్‌తో చేసుకుంటారు, అది ఒంటి వేడికి వెంటనే వెచ్చబడుతుంది.

గ్యాస్, సోలార్ ఉన్నాయి కదా అనే భరోసా కూడా ఇక్కడ పనిచేయదు. ఇక్కడి సిలిండర్ గ్యాస్ ప్రొపేన్. అది మైనస్ 42 దగ్గర మరుగుతుంది, కాబట్టి మైనస్ 40లో సిలిండర్‌లో ఒత్తిడే ఉండదు, స్టవ్ వెలగదు. సోలార్ కరెంటు దాచుకునే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని సున్నా కింద చార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని పాడైపోతుంది, దాన్ని ఇంటి వేడిలోనే ఉంచాలి. డిసెంబర్‌లో సోలార్ నుంచి వచ్చేది సున్నాతో సమానం. మార్చిలో ఎండ మళ్ళీ బలంగా కాసే రోజుల్లో ఇంకో చిక్కు ఉంది: చలిలో ప్యానెల్ వోల్టేజీ పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర రాసిన అంకె కన్నా మైనస్ 40లో 20 శాతం దాకా ఎక్కువ వస్తుంది. ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్ళే కరెంటును అదుపు చేసే చార్జ్ కంట్రోలర్‌ను ఆ లెక్క చూసుకోకుండా కొంటే అది కాలిపోతుంది.

కోళ్ళు పెంచుకుంటే, వాటికి పొడి చలి కన్నా తేమతోనే ఎక్కువ ముప్పు. గూడు గాలాడకుండా మూసేస్తే వాటి ఊపిరి తేమకే తురాయిలు గడ్డకడతాయి. వాటికి నీళ్ళు రబ్బరు గిన్నెల్లో పెడితే మంచు కట్టాక వంచి రాలగొట్టవచ్చు.

బండికి బ్లాక్ హీటర్, అంటే ఇంజిన్‌ను కరెంటుతో వెచ్చబెట్టే హీటర్, లేకపోతే మైనస్ 30లో ఆశ వదులుకోండి. కరెంటు లేని చోట ఆ హీటర్ కోసమే జనరేటర్ వేయాలి. ఆ జనరేటర్‌కు పెట్రోలు పోసేటప్పుడు ఒలికి చేతి మీద పడితే, అది గడ్డకట్టకుండానే మైనస్ 40లో ఉంటుంది కాబట్టి, చర్మం క్షణాల్లో గడ్డకడుతుంది.

ఇదంతా విన్నాక కూడా రావాలనిపిస్తే రండి, నిజంగా. కానీ భూమి కొనకండి. ఫెయిర్‌బ్యాంక్స్‌లో నీళ్ళ కనెక్షన్ లేని కేబిన్లు అద్దెకు దొరుకుతాయి, యూనివర్సిటీ విద్యార్థులు కూడా అలాంటివాటిలో ఉంటారు. స్నానానికి, బట్టలకు ఊళ్ళో లాండ్రీ షాపులున్నాయి. జనవరి, ఫిబ్రవరి అందులో ఉండి చూడండి. అద్దె మాట్లాడేటప్పుడు యజమానిని గట్టిగా నాలుగు మాటలు అడగండి: పొగగొట్టం చివరిసారి ఎప్పుడు శుభ్రం చేశారు, బండి హీటర్‌కు కరెంటు ప్లగ్ ఉందా, దారిలో మంచు ఎవరు తీస్తారు, షెడ్డులో ఉన్న కట్టె ఏ ఏడాది చీల్చింది.